కెనడా పార్టీలు చెప్పే ఖర్చు లెక్కను ఇంట్లో కూర్చుని సరిచూసుకోవడం ఎలా

తిరుపతిలో ఇప్పుడు ఏ వీధికెళ్లినా కెనడాలో పిల్లలున్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. స్టడీ పర్మిట్ మీద వెళ్లారు, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) తెచ్చుకున్నారు, కొందరు పౌరసత్వం కూడా తీసుకుని 2025 ఏప్రిల్ 28న పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేశారు. ఆ దేశపు రాజకీయం వాళ్లతోపాటు మన ఇళ్లలోకీ వచ్చేసింది. ఎం.ఆర్.పల్లిలో మా ఇంట్లో ఆదివారం వీడియో కాల్ అంటే సగం అదే గొడవ. మా అమ్మాయి లిబరల్స్ వైపు, అల్లుడు కన్సర్వేటివ్స్ వైపు. ఈ అంకె ఎక్కడిదని అడిగితే ఇద్దరూ ఫోన్లో ఎవరో పంపిన వీడియోనే చూపిస్తారు. నేను చిత్తూరు ట్రెజరీలో ఏళ్ల తరబడి బిల్లులు పాస్ చేసి రిటైరైన మనిషిని. వాళ్లకు చెప్పిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. అక్కడ ఓటున్న పిల్లలకూ, ఇక్కడినుంచి వాళ్లతో వాదించే పెద్దవాళ్లకూ పనికొస్తుంది.

ముందు, విన్న మాటను కాగితం మీద ఒక్క వాక్యంగా రాయండి. పార్టీ పేరు, నాయకుడి పేరు, తిట్లు అన్నీ తీసేయండి. ‘లిబరల్ మాజీ ప్రధాని ట్రూడో దేశాన్ని అప్పులపాలు చేశాడు’ అన్నదాన్ని ఎవరూ సరిచూడలేరు. ‘2016 మార్చికీ 2024 మార్చికీ మధ్య ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) అప్పు రెట్టింపైంది’ అంటే సరిచూడొచ్చు. అలా రాయడానికి కుదరని మాటలో లెక్క లేదు. దాన్ని పక్కన పెట్టేయండి.

తర్వాత, ఆ ఖర్చు ఒట్టావాదేనా, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వానిదేనా అని చూడండి. ఆసుపత్రులు, బడులు ప్రావిన్సుల, అంటే అక్కడి రాష్ట్రాల పని. బ్రాంప్టన్‌లో ఎమర్జెన్సీలో గంటలకొద్దీ కూర్చోబెడితే అడగాల్సింది ముందు ఒంటారియో ప్రభుత్వాన్ని. ఆరోగ్యం కోసం ఒట్టావా ప్రావిన్సులకు డబ్బు పంపుతుంది, 2024-25లో అది 5,200 కోట్ల డాలర్ల దాకా ఉంది. కానీ ఆసుపత్రిని నడిపేది ఒట్టావా కాదు. సైన్యం, సరిహద్దు, పాస్‌పోర్టు, ఉద్యోగ బీమా ఒట్టావావి. 2024 జనవరిలో స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టిందీ వాళ్లే. ఇంకొకటి, మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు. ప్రతి అంకెనూ కోట్లలోకి మార్చి రాసుకోండి. ఎంత పెద్దదో మనకు కోట్లలో చూస్తేనే తెలుస్తుంది.

ఇక అసలు పని. ప్రభుత్వ డబ్బులో చెప్పింది వేరు, మంజూరైంది వేరు, ఖర్చైంది వేరు. కెనడాలో ఆర్థిక సంవత్సరం మనలాగే ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. చెప్పింది బడ్జెట్‌లో ఉంటుంది. పార్లమెంటు సభను అడిగి మంజూరు చేయించుకునేది ఎస్టిమేట్స్‌లో ఉంటుంది. అవి మన అసెంబ్లీలో పెట్టే పద్దుల్లాంటివే, మార్చి 1 లోపు పెడతారు, చాలకపోతే తర్వాత అనుబంధ పద్దులు వస్తాయి. నిజంగా ఖర్చైంది పబ్లిక్ అకౌంట్స్‌లో ఉంటుంది, అది మామూలుగా డిసెంబర్ 31 లోపు సభకు వస్తుంది. మీరు విన్న అంకె వీటిలో ఏ కాగితంలోదో తేల్చకుండా వాదనకు దిగొద్దు.

2023-24 లోటు సంగతే చూడండి. దాన్ని 4,010 కోట్ల డాలర్లు దాటనివ్వబోమని ట్రూడో ప్రభుత్వపు ఆర్థిక మంత్రి క్రిస్టియా ఫ్రీలాండ్ చెప్పింది. తేలిన లెక్క 6,190 కోట్లు. ఆ అంకె 2024 డిసెంబర్ 16న బయటికొచ్చింది, అదే రోజు ఆమె రాజీనామా చేసింది. కన్సర్వేటివ్స్ దీన్ని దుబారాకు రుజువుగా చూపించారు. తేడాలో ఎక్కువ భాగం ఆదివాసీ సమూహాల దావాల కోసం ముందుగానే లెక్కలో చూపిన బాధ్యత అని ప్రభుత్వం చెప్పింది. అదీ నిజమే. కానీ ఆ దావాలు ఆ ఏడాది కొత్తగా పుట్టినవి కావు. ముందే తెలిసిన బాకీకి చోటు ఉంచకుండా గీత గీసి, దాటబోమని మాటివ్వడం నా దృష్టిలో తప్పే. 2025 నవంబర్ 4 బడ్జెట్‌లో లిబరల్ ప్రధాని మార్క్ కార్నీ ప్రభుత్వం 2025-26కు 7,830 కోట్ల లోటు చూపించింది. అది చెప్పిన అంకె. ఆ బడ్జెట్ సభలో 170–168తో గట్టెక్కింది. ఆ అంకె పట్టుకుని ఇంత ఖర్చు చేసేశారు అని ఎవరైనా అంటే, పబ్లిక్ అకౌంట్స్ చూపించమనండి.

అప్పు లెక్కలో ఇంకో మెలిక ఉంది. మా అల్లుడు ఒకరోజు, ‘అత్తా, అప్పు రెట్టింపైందా లేదా, అది చెప్పండి చాలు’ అన్నాడు. అయింది నాయనా. 2016 మార్చిలో 61,600 కోట్ల డాలర్లు, 2024 మార్చిలో 1,23,600 కోట్లు. మధ్యలో కోవిడ్ ఏడాది 2020-21 ఒక్కదానిలోనే లోటు 32,770 కోట్లు. జీతం పెరిగినవాడి అప్పును జీతంతో పోల్చి చూసినట్టు, దేశం అప్పును దేశం ఆదాయంతో పోల్చితే 31 శాతం నుంచి 42 శాతానికి వెళ్లింది. పెరిగింది, రెట్టింపు కాలేదు. మా అమ్మాయి దగ్గర వేరే మాట ఉంటుంది, జీ7 దేశాల్లో నికర అప్పు మాకే తక్కువని. అదీ నిజమే. కానీ ఆ అంకెలో ప్రావిన్సుల లెక్క కూడా కలుస్తుంది, పైగా కెనడా పెన్షన్ ప్లాన్‌లో కూడబెట్టిన ఆస్తుల్ని అప్పులోంచి తీసేస్తారు. ఆ ఆస్తులు రేపు పెన్షన్లు ఇవ్వడానికి దాచినవి. నికర అప్పు అన్న మాట వినగానే, దేన్ని తీసేశారు అని అడగండి.

ఎన్నేళ్లకు అన్నది కూడా అడగాలి. 2010లో కన్సర్వేటివ్ ప్రధాని హార్పర్ ప్రభుత్వం ఎఫ్-35 యుద్ధ విమానాల్ని 900 కోట్లకు కొంటామంది, నిర్వహణతో కలిపితే 1,600 కోట్లు అంది. 2011 మార్చిలో పార్లమెంటు కోసం స్వతంత్రంగా ఖర్చు అంచనాలు వేసే పార్లమెంటరీ బడ్జెట్ ఆఫీసర్ కెవిన్ పేజ్ 30 ఏళ్లకు 2,930 కోట్లు అవుతుందని తేల్చాడు. ప్రభుత్వం ఆయన లెక్కే తప్పంది. 2012 ఏప్రిల్లో ఆడిటర్ జనరల్ మైకేల్ ఫెర్గూసన్ రిపోర్టు వచ్చాక తెలిసిందేమంటే, రక్షణ శాఖ లోపల 2,500 కోట్ల అంచనా ముందునుంచీ ఉంది. ఆ డిసెంబర్‌లో ఆడిట్ సంస్థ కేపీఎంజీ 42 ఏళ్లకు 4,580 కోట్లని చెప్పింది. ఏళ్లు మారితే అంకె మారుతుంది, అందులో మోసం లేదు. లోపలి కాగితంలో ఒకటి పెట్టుకుని సభకు ఇంకొకటి చెప్పడమే మోసం. విమానాలతోపాటు ఇంకొన్ని ఖర్చుల వివరాలు సభకు పూర్తిగా ఇవ్వనందుకు 2011 మార్చి 25న ఆ ప్రభుత్వం సభా ధిక్కారానికి పాల్పడిందంటూ 156–145తో అవిశ్వాసం నెగ్గింది. మే 2 ఎన్నికల్లో అదే పార్టీ మెజారిటీతో తిరిగొచ్చింది. నాకు అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఓట్లు పడ్డాయి కదా అని ఆ లెక్క సరైపోయినట్టు కాదు.

ఒకే రిపోర్టును రెండు పార్టీలూ ఎలా చీల్చుకుంటాయో చూడాలంటే కార్బన్ పన్ను చాలు. పెట్రోలు, గ్యాస్ లాంటి ఇంధనాల మీద ఆ పన్ను వేసి, వసూలైనదాన్ని చాలావరకు కుటుంబాలకు రిబేటుగా తిరిగిచ్చేవాళ్లు. 2023లో బడ్జెట్ ఆఫీసర్ ఇచ్చిన రిపోర్టులో రెండు పట్టికలున్నాయి. కట్టిన పన్ను, తిరిగొచ్చిన రిబేటు మాత్రమే చూస్తే ఎక్కువ కుటుంబాలకు లాభం. ఉద్యోగాలు, పెట్టుబడుల మీద పడే ప్రభావం కూడా కలిపితే ఎక్కువ కుటుంబాలకు నష్టం. లిబరల్స్ మొదటిదే చదివారు, కన్సర్వేటివ్స్ రెండోదే చదివారు. 2024లో ఆ ఆఫీసే, రెండో లెక్కలో పెద్ద ఫ్యాక్టరీల మీది పన్ను కూడా కలిసిపోయిందని తానే ప్రకటించి, సరిచేసి మళ్లీ ఇచ్చింది. తప్పును తానే బయటపెట్టిన ఆఫీసు మీద నాకు నమ్మకం పెరిగింది. కాబట్టి రిపోర్టు పేరు చెప్పారని నమ్మేయకండి, ఏ పట్టిక, ఏ తేదీది అని అడగండి. బడ్జెట్ ఆఫీసర్ ముందుకు అంచనా వేస్తాడు, ఆడిటర్ జనరల్ జరిగిపోయింది తిరగేస్తుంది. ఇద్దరి రిపోర్టులూ ఉచితంగా నెట్‌లో దొరుకుతాయి. క్వశ్చన్ పీరియడ్ (సభలో ప్రశ్నోత్తరాల సమయం) క్లిప్పుల్లోంచి మాత్రం అంకె తీసుకోవద్దు. అక్కడ ప్రశ్నకు 35 సెకన్లు, జవాబుకు 35 సెకన్లు. పబ్లిక్ అకౌంట్స్ కమిటీ చర్చలు చదవండి, దానికి మన పార్లమెంటులోలాగే ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడు.

ఇప్పుడు నిజాయితీ సంగతి. ఎక్కువ ఖర్చు పెట్టడం వేరు, దాచి ఖర్చు పెట్టడం వేరు. మొదటిది అభిప్రాయం, దాని మీద ఓటు వేసుకోవచ్చు. రెండోది తప్పు. ట్రెజరీలో మాకు బిల్లు వస్తే మొత్తం కంటే ముందు పైన రాసిన హెడ్ ఆఫ్ అకౌంట్ చూసేవాళ్లం. 530 అంటే పెద్ద పనులు, 130 అంటే ఆఫీసు ఖర్చులు. 530 కింద వచ్చిన డబ్బులోంచి ఆఫీసుకు కుర్చీలు కొని బిల్లు పెడితే, కుర్చీలు నిజంగానే కొన్నా, రసీదు అసలుదే అయినా, అబ్జెక్షన్ రాసి వెనక్కి పంపేవాళ్లం. డబ్బు ఎందుకని అడిగి తీసుకున్నారో దానికే పెట్టాలి.

ఆ కంటితో 2010 జీ8 సమావేశం ఖర్చు చదివితే గుండె మండుతుంది. టొరంటోకు ఉత్తరాన హంట్స్‌విల్‌లో సమావేశం. అది మంత్రి టోనీ క్లెమెంట్ నియోజకవర్గంలోనే ఉంది. అక్కడ 32 పనులకు 5 కోట్ల డాలర్లు కేటాయించారు. సభను అడిగినప్పుడు మాత్రం సరిహద్దు సౌకర్యాల నిధి అనే పద్దులో, 8.3 కోట్లలో కలిపేసి అడిగారు. అది సరిహద్దు ఊరు కాదు. ఓటు వేసిన సభ్యుడికి ఆ డబ్బు ఎక్కడికి పోతుందో తెలిసే దారే లేదు. ఆ 32 పనుల్ని ఎలా ఎంచుకున్నారో చూపే కాగితాలు దొరకలేదని 2011లో ఆడిట్ రిపోర్టు చెప్పింది. అక్కడ రోడ్లు పడ్డాయి కదా అనేవాళ్లుంటారు. పడనీ. మా సెక్షన్లో ఆ బిల్లు పాసయ్యేది కాదు.

ఇది కన్సర్వేటివ్స్ కాలంలోది. లిబరల్స్ దగ్గరికి వస్తే, క్విబెక్ ప్రావిన్సు విడిపోవాలా వద్దా అన్న 1995 రెఫరెండం తర్వాత, ఫెడరల్ ప్రభుత్వ ప్రచారం కోసం అక్కడ నడిపిన స్పాన్సర్‌షిప్ పథకం ఉంది. 25 కోట్ల డాలర్లలో 10 కోట్లకు పైగా ప్రకటనల ఏజెన్సీలకు ఫీజులు, కమీషన్లుగా పోయాయని 2004 ఫిబ్రవరిలో ఆడిటర్ జనరల్ షీలా ఫ్రేజర్ తేల్చింది. 2006 జనవరి ఎన్నికల్లో ఆ పార్టీ అధికారం పోగొట్టుకుంది. తర్వాత వచ్చిన జవాబుదారీ చట్టంతోనే బడ్జెట్ ఆఫీసర్ పదవి పుట్టింది. అరైవ్‌క్యాన్ మన పెద్దవాళ్లకు కూడా తెలుసు, కోవిడ్ రోజుల్లో పిల్లల దగ్గరికి వెళ్తూ టీకా సర్టిఫికెట్ పెట్టిన యాప్. మొదటి రూపానికి 80,000 డాలర్లు. 2024 ఫిబ్రవరిలో ఆడిటర్ జనరల్ కేరెన్ హోగన్ వేసిన అంచనా 5 కోట్ల 95 లక్షలు. అది కూడా అంచనానే, రికార్డులు సరిగ్గా లేక అసలు ఖర్చెంతో తేల్చలేకపోయామని రాసింది. వోచర్ లేని చెల్లింపు అంటే ఏమిటో లెక్కల్లో పనిచేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మీ పక్షపాతాన్ని పట్టుకోవడానికి ఒక పని చేయండి. మీరు రాసుకున్న వాక్యంలో అవతలి పార్టీ ఉందనుకుని మళ్లీ చదవండి. మొదటిసారి చిన్న పొరపాటులా అనిపించింది రెండోసారి దొంగతనంలా అనిపిస్తే, మీరింకా లెక్క చూడలేదన్నమాట. మా ఇంట్లో ఫెడరల్ ఉద్యోగులకు జీతాలిచ్చే ఫీనిక్స్ సిస్టమ్‌తో ఈ పరీక్ష పెట్టాను. మొదలుపెట్టింది హార్పర్ ప్రభుత్వం, 2016లో నడిపించింది ట్రూడో ప్రభుత్వం, జీతాలు తప్పుగా పడి నలిగిపోయింది వేలాది ఉద్యోగులు. ఎవరి తప్పు అని అడిగితే అమ్మాయి, అల్లుడు చెరో సగం చెప్పి ఆగిపోయారు. ఆ రెండు సగాలూ ఒకే కాగితం మీద రాయించాను.

చివరికి ఏ కాగితంలోనూ జవాబు దొరకకపోతే అడగండి. మన సమాచార హక్కుకు 10 రూపాయలు, అక్కడ 5 డాలర్లు. పౌరులు, పీఆర్ ఉన్నవాళ్లే కాదు, ఆ సమయంలో కెనడాలో ఉన్న ఎవరైనా దరఖాస్తు వేయొచ్చు, అంటే విజిటర్ వీసా మీద పిల్లల దగ్గరికి వెళ్లిన మీరూ వేయొచ్చు. వేసేముందు ఓపెన్ గవర్నమెంట్ పోర్టల్‌లో చూడండి. 10,000 డాలర్లు దాటిన కాంట్రాక్టులు అక్కడే ఉంటాయి, ఇదివరకు ఎవరో అడిగి తెచ్చుకున్న కాగితాల జాబితా కూడా ఉంటుంది, వాటి నకలు ఉచితంగా కోరవచ్చు. దరఖాస్తులో ‘ఎందుకు దుబారా చేశారు’ అని రాయొద్దు. శాఖ పేరు, ప్రాజెక్టు పేరు, ‘2023 ఏప్రిల్ 1 నుంచి 2024 మార్చి 31 వరకు చెల్లించిన ఇన్‌వాయిస్‌ల నకళ్లు’ అని రాయండి. కేబినెట్ రహస్యాలు ఇవ్వరు. మిగతావాటికి గడువు 30 రోజులు, శాఖ దాన్ని పొడిగించుకోవచ్చు. జవాబు రాకపోయినా, వచ్చిన కాగితాల్లో నల్లగా కొట్టేసింది ఎక్కువున్నా 60 రోజుల్లోపు ఇన్ఫర్మేషన్ కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి, దానికి ఫీజు లేదు.