సాక్షికి గుర్తు రావడం లేదా? ముందు మీరు అడిగే తీరు చూసుకోండి

యాక్సిడెంట్ అయినా, గొలుసు దొంగతనం అయినా సాక్షిని విచారించే ఐఓకి (దర్యాప్తు చేసే పోలీసు అధికారికి) తగిలే ఇబ్బందులు దాదాపు ఇవే. వీటిలో చాలావాటికి కారణం సాక్షి బుర్ర కాదు, మనం అడిగే పద్ధతి.

సమస్య: "ఏమో సార్, సరిగ్గా చూడలేదు" అని రెండు ముక్కల్లో తేల్చేస్తున్నాడు.

కారణం: మీరు మాట్లాడనివ్వడం లేదు. అమెరికాలోని మయామిలో డిటెక్టివుల ఇంటర్వ్యూ టేపులు విని చూస్తే, సాక్షి చెప్పడం మొదలుపెట్టిన సగటున 7.5 సెకన్లకే అడ్డుపడుతున్నారని తేలింది. "ఎత్తెంత? షర్టు రంగేంటి? బండి నంబరేంటి?" అని వరసగా గుప్పిస్తే ఎవరైనా పొడి సమాధానాలకే అలవాటు పడతారు, పైగా స్టేషన్లో కూర్చున్నామన్న టెన్షన్ ఒకటి.

పరిష్కారం: రోనాల్డ్ ఫిషర్, ఎడ్వర్డ్ గీసెల్మన్ అనే అమెరికన్ సైకాలజిస్టులు 1980లలో తయారుచేసిన కాగ్నిటివ్ ఇంటర్వ్యూ. ముందు ఘటన ఊసెత్తకుండా ఆ సమయంలోకి తీసుకెళ్లండి: అక్కడికి ఎందుకు వెళ్లారు, ఎండగా ఉందా, పక్కన ఏం చప్పుళ్లు వినబడుతున్నాయి, మనసులో ఏం ఆలోచిస్తున్నారు. ఇష్టమైతే కళ్లు మూసుకోమనండి. తర్వాత "చిన్నదైనా, సగమే గుర్తున్నా, పనికిరాదనిపించినా చెప్పేయండి, తెలియనిది మాత్రం ఊహించి చెప్పొద్దు" అనేసి, ఇక నోరు మూసుకోండి. అన్నిటికంటే కష్టమైన పని ఇదే. సాక్షి ఆగితే అయిపోయినట్టు కాదు, వెతుక్కుంటున్నాడు. 1989లో ప్రచురించిన మయామి పరీక్షలో ఈ పద్ధతి నేర్చుకున్న డిటెక్టివులు నేర్చుకోనివాళ్లకంటే 63 శాతం ఎక్కువ సమాచారం రాబట్టారు.

సమస్య: కథంతా చెప్పాడు, మధ్యలో మాత్రం ఖాళీ.

మనం జరిగిన వరసలోనే చెప్పుకుంటూ పోతాం కాబట్టి "మామూలుగా ఇలాగే జరుగుతుంది కదా" అన్న అంచనా ఆ ఖాళీలను పూడ్చేస్తుంది. చివరి నుంచి వెనక్కి చెప్పమనండి, అప్పుడు కొన్నిసార్లు కొత్త వివరం బయటపడుతుంది. చిన్నపిల్లలతో మాత్రం ఇది వద్దు, తికమకపడతారు.

సమస్య: లేనిది చూశానంటున్నాడు, అదీ గట్టిగా!

కారణం: ఆ వివరం మీ ప్రశ్నలోంచే వచ్చి ఉండొచ్చు. 1974లో సైకాలజిస్టులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ ఒకే కారు ప్రమాదం ఫిల్మ్ చూపించి, కార్లు "తగిలినప్పుడు" స్పీడెంత అని కొందరిని, "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అన్నట్టుగా ఇంకొందరిని అడిగారు. వారం తర్వాత పగిలిన గాజు చూశారా అంటే రెండో గుంపులో 50 మందికి 16 మంది, మొదటి గుంపులో 50 మందికి 7గురు అవునన్నారు. ఫిల్ములో గాజు పగల్లేదు.

పరిష్కారం: "ఎర్ర షర్టేనా?" కాదు, "ఏం వేసుకున్నాడు?" అని అడగండి. సాక్షి నోటినుంచి రాని వివరం మీ ప్రశ్నలో ఉండకూడదు.

సమస్య: ముగ్గురు సాక్షులు అక్షరం పొల్లుపోకుండా ఒకటే చెబుతున్నారు.

సంతోషించకండి. ఒకే బెంచీ మీద కూర్చుని మాట్లాడుకుని ఉంటారు, ఒకరు చూసింది ఇంకొకరి జ్ఞాపకంలో కలిసిపోతుంది. వెంటనే విడివిడిగా కూర్చోబెట్టండి, విన్నదేది, కళ్లారా చూసిందేది అని అడగండి. మన దేశంలో ఇంకో కారణం కూడా ఉండొచ్చు: బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 180 (పాత సీఆర్‌పీసీ 161) కింద పోలీసులు రాసుకునే స్టేట్‌మెంటుకి సాక్షి సంతకం తీసుకోరు, రాసేది ఐఓ, కాబట్టి ఆ జెరాక్స్ పోలిక రాత వల్ల కూడా రావొచ్చు. ఆడియో, వీడియో తీయొచ్చని చట్టమే చెబుతోంది, తీయండి.

సమస్య: గుర్తింపు పరేడ్‌లో (కొందరిని వరసగా నిలబెట్టి నిందితుణ్ణి గుర్తించమనడం) తడబడిన సాక్షి కోర్టులో "నూటికి నూరుపాళ్లు వీడే" అంటున్నాడు.

ఎంచుకోగానే ఎవరో "కరెక్ట్" అని ఉంటారు, లేదా తలూపి ఉంటారు. ఆ ఒక్క మాటతో నమ్మకమే కాదు, "ముఖం బాగా చూశాను" అన్న జ్ఞాపకం కూడా పెరుగుతుందని 1998లో సైకాలజిస్టులు గ్యారీ వెల్స్, ఎమీ బ్రాడ్‌ఫీల్డ్ చూపించారు. అందుకే నిందితుడెవరో తెలియని అధికారితో పరేడ్ చేయించడం, "అసలు మనిషి ఇందులో లేకపోవచ్చు" అని ముందే చెప్పడం, ఎంత నమ్మకంగా ఉన్నాడో అక్కడికక్కడే సాక్షి మాటల్లోనే రాసుకోవడం మంచిది.

సమస్య: ఇరవై మంది సాక్షులు, ఇద్దరే ఆఫీసర్లు.

రేపటికి వాయిదా వేస్తే చాలా వివరాలు మరిచిపోతారు. బ్రిటన్‌లో దీనికోసమే సాక్షి తనంతట తానే నింపే ఇంటర్వ్యూ బుక్‌లెట్ తయారుచేశారు, పైన చెప్పిన సూచనలే అందులో ఉంటాయి. ఘటనాస్థలంలోనే తెల్ల కాగితం, పెన్ను ఇచ్చి చూసిందంతా రాయమన్నా, బొమ్మ గీయమన్నా నయమే.