దీర్ఘకాలం మాగిన స్పానిష్ శైలి రమ్‌లు – నాలుగవ పాఠం: తీపిని విడదీసి వయసును గుర్తించడం

ఇంతవరకు ఒక్కొక్క సీసాను విడిగా తీసుకొని వాసన చూడటం, రుచి చూడటం నేర్చుకున్నాం. ఈ పాఠంలో మూడింటిని పక్కపక్కన పెట్టి పోల్చుదాం. అవి నికరాగ్వాలోని చిచిగల్పాలో తయారయ్యే ఫ్లోర్ దె కాన్యా 12, వెనెజులాలోని అరాగువా లోయ నుంచి వచ్చే సాంతా తెరేసా 1796, గ్వాటెమాలాకు చెందిన సకాపా 23. మూడింటిలోనూ ఆల్కహాలు 40 శాతమే కనుక, వాటి మధ్య ఘాటులో తేడా తోస్తే దానికి కారణం మరెక్కడో వెతకాలి.

స్పానిష్ శైలి రమ్‌ను ప్రధానంగా కాలమ్ స్టిల్‌లో, అంటే నిలువు స్తంభం వంటి బట్టీలో, ఎడతెగకుండా బట్టీ పడతారు. జమైకా వారి పాట్ స్టిల్ (విడతలవారీగా కాచే కుండ వంటి బట్టీ) రమ్‌లో పులియబెట్టిన దశ నుంచే బరువైన పండ్ల వాసనలు దిగివస్తాయి. ఇక్కడ బట్టీ నుంచి వచ్చే ద్రవం తేలికగా ఉంటుంది కాబట్టి, చివరికి మన నాలుకకు అందేదానిలో పెద్ద భాగం ఓక్ పీపా ఇచ్చినదే. ఈ శైలిలో వయసును గుర్తించడమంటే చెక్కను గుర్తించడమే. అయితే చెక్క రుచిని కప్పేయగలిగినది ఒకటుంది, అది తీపి. ఐరోపా సమాఖ్య నిబంధనలు కూడా రమ్‌లో లీటరుకు 20 గ్రాముల వరకు తీపి పదార్థాలను అనుమతిస్తున్నాయి. తియ్యగా, మెత్తగా జారే రమ్‌ను ఎక్కువ ఏళ్లు మాగినదిగా భావించడం కొత్తగా నేర్చుకునేవారిలో సర్వసాధారణం. ఓల్డ్ మంక్‌తో రమ్ రుచి తెలుసుకున్న మనవారిలో చాలామందికి నల్లటి రంగు, వనిల్లా వాసన కలిస్తేనే పాత రమ్ అన్న అభిప్రాయం ఉంటుంది. కారమెల్ రంగు కలపడం అనేక దేశాల్లో చట్టబద్ధమే కాబట్టి రంగును మన తూకంలోకి తీసుకోకండి.

సీసా మీది అంకెలను కూడా జాగ్రత్తగా చదవాలి. సాంతా తెరేసా సీసాపై ఉన్న 1796 ఆ పేరుగల తోటను స్థాపించిన సంవత్సరం. లోపలి రమ్ వయసుతో దానికి సంబంధం లేదు. సకాపా 23లో 6 నుంచి 23 ఏళ్ల వరకు మాగిన రమ్‌లు కలుస్తాయి. సొలేరా పద్ధతిలో పాత పీపా నుంచి కొంత తీసి, ఆ వెలితిని అంతకన్నా చిన్న వయసు రమ్‌తో నింపుతారు కనుక, ఒక్క అంకెతో దాని వయసు చెప్పడం సాధ్యం కాదు. అదీగాక, మాగే చోటు కూడా లెక్కలోకి వస్తుంది. వేడి ప్రాంతంలో ఏటా ఆరు శాతం చొప్పున ఆవిరైపోతుందనుకుంటే, 12 ఏళ్లు గడిచేసరికి పీపాలో సగానికన్నా తక్కువే మిగులుతుంది. సకాపాను సముద్రమట్టానికి సుమారు 2,300 మీటర్ల ఎత్తున ఉన్న చల్లని ప్రాంతంలో మాగబెడతారు. అందువల్ల వేర్వేరు చోట్ల గడిచిన ఏళ్లను సమానంగా చూడటం సరికాదు.

మూడు సీసాలూ తెరిచే ముందు నాలుకకు ఒక కొలత నేర్పాలి. 50 గ్రాముల పంచదారను నీటిలో కరిగించి, మొత్తం 100 మిల్లీలీటర్లు అయ్యేలా చేయండి. రెండు గ్లాసులలో 30 మిల్లీలీటర్ల చొప్పున ఫ్లోర్ దె కాన్యా పోసి, సూది లేని సిరంజితో ఒకదానిలో 1.2 మిల్లీలీటర్ల పాకం, రెండవదానిలో అంతే మంచినీరు కలపండి. పాకం కలిపిన గ్లాసులో లీటరుకు సుమారు 19 గ్రాముల చక్కెర అదనంగా చేరుతుంది. ఇంట్లో మరొకరి చేత గ్లాసులు మార్పించి, ఏది ఏదో తెలియకుండా రుచి చూడండి. తీపి కలిసినది నోటిలో దళసరిగా, గుండ్రంగా ఉంటుంది. చిగుళ్ల మీద పట్టే వగరు తగ్గుతుంది. మింగిన తరువాత చెక్క రుచి పొడిగా నిలవాల్సిన చోట జిగట తీపి నిలుస్తుంది. రమ్ మాత్రం అదే. ఈ అభ్యాసాన్ని దాటవేయవద్దని గట్టిగా చెబుతున్నాను. దీని తరువాతే మిగతా పోలికకు అర్థం ఉంటుంది.

ఇక పోలిక. ట్యులిప్ ఆకారపు గ్లాసులలో 15 మిల్లీలీటర్ల చొప్పున పోసి, పావుగంట వదిలేయండి. వేసవిలో హైదరాబాదు, విజయవాడ ఇళ్లలో గది వేడికే ఆల్కహాలు ముందుగా పైకి లేచి ముక్కును మొద్దుబారుస్తుంది కనుక, చల్లబడిన గదిలో చూడటం మేలు. ఐస్ వద్దు. ఫ్లోర్ దె కాన్యా మొదట, సాంతా తెరేసా తరువాత, సకాపా చివర చూడండి. తియ్యనిదాన్ని ముందు చూస్తే తరువాతిది లేనిపోని చేదుగా తోస్తుంది. నడుమ నీళ్లు, ఉప్పు లేని మరమరాలు చాలు. పరీక్ష కోసం చూస్తున్నప్పుడు ఉమ్మివేయడమే పద్ధతి.

ప్రతి గుక్కనూ మూడు దశలుగా గమనించండి. నాలుక కొసన మొదట తగిలే తీపిని రాసిపెట్టి పక్కన ఉంచండి. నడుమ వచ్చేవాటిలో తాటిబెల్లం, ఎండు ఖర్జూరం, కాఫీ డికాక్షన్, లవంగం వంటివి ఏవైనా ఉంటే మీకు తెలిసిన పేర్లతోనే రాయండి. అసలు చూడవలసినది చివరి దశ: బుగ్గల లోపలి వైపు పట్టే వగరు ఎంతసేపు నిలిచింది, అది చెక్కదిగా, పొడిగా ఉందా, చేదుగా మారిందా? నా దృష్టిలో ఈ మూడింటిలో సాంతా తెరేసా తీపికీ చెక్కకూ మధ్య ఎక్కువ సమతూకంతో ఉంటుంది. సకాపా వాసనలో గొప్పదే గాని, దాని తీపి వెనక చెక్కను వెతికి పట్టుకోవాలి.

గ్లాసులు కడగకుండా రాత్రంతా ఉంచి, ఉదయం మళ్లీ వాసన చూడండి. ఆల్కహాలు పోయాక ఎండిన గ్లాసులో ఓక్, పొగాకు, ఎండుపండ్ల వాసన ఎంత మిగిలిందో, అడుగున వేలికి జిగట తగిలిందో లేదో రాసి, నిన్నటి రాతలతో సరిచూడండి. రెండూ ఒకదానికొకటి పొసగకపోతే, ఆ సీసాతోనే ఈ పాఠాన్ని మరోసారి చేయండి. తరువాతి పాఠంలో క్యూబా రమ్‌లను, పోర్టోరికోలో షెర్రీ పీపాలలో మాగే రాన్ దెల్ బారిలితోను తీసుకుందాం.