సూక్ష్మజీవుల ఇచ్చిపుచ్చుకోళ్లకు లెక్క – 3వ పాఠం: గోబర్ గ్యాస్ గుంతలో హైడ్రోజన్

నకిరేకల్ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల పెరట్లో గోబర్ గ్యాస్ గుంత ఉండేది. రోజూ పెండ, నీళ్లు సమానంగా కలిపి పోసేవాళ్లు. ఒకసారి లగ్గంలో మిగిలిన అన్నం రెండు గంగాళాలు అందులో కుమ్మరించారు. నాలుగు రోజులకే పొయ్యి వెలగడం మానేసింది, గుంత పుల్లటి వాసన కొట్టింది. ఆ గుంతనే ఇవాళ లెక్కలోకి దించుదాం.

అందులో ఒక రకం బాక్టీరియా ఆల్కహాల్, కొవ్వు ఆమ్లాల వంటివాటిని విరగ్గొట్టి హైడ్రోజన్ వదులుతుంది. మీథేన్ చేసే జీవులు ఆ హైడ్రోజన్‌ను తిని బతుకుతాయి. హైడ్రోజన్ పేరుకుపోతే బాక్టీరియాకు ఆ పని గిట్టుబాటు కాదు. ఈ జత ఎంత దగ్గరిదంటే, ఒకే జీవి అనుకుని ఏళ్ల తరబడి పెంచిన కల్చర్‌లో (ల్యాబులో పెంచే సూక్ష్మజీవుల గుంపులో) నిజానికి రెండు జీవులున్నాయని 1967లో బ్రయంట్ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. నాకు ఈ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది ఆ సంగతి చదివాకే.

గుంతలోని హైడ్రోజన్‌ను 'హ' అందాం, మీథేన్ జీవులను 'మ' అందాం. అంకెలు నేర్చుకోవడానికి నేను పెట్టినవే, కొలిచినవి కావు.

గంటకు తయారయ్యేది = 10 − హ
గంటకు తినేది = మ × హ ÷ 4

మొదటి వరుసలోని '− హ' మీద కాసేపు ఆగండి. అది తీసేసి ఉత్త 10 రాస్తే, తినేవాళ్లున్నా లేకపోయినా బాక్టీరియా పని నడుస్తూనే ఉంటుంది. అప్పుడది ఇచ్చిపుచ్చుకోవడం కాదు.

మ = 4 అయితే తినేది సరిగ్గా హ. తయారయ్యేది, తినేది సమానమయ్యే చోట 10 − హ = హ, అంటే హ = 5, తయారీ కూడా 5. మ = 36 పెడితే హ 1కి దిగుతుంది, తయారీ 9కి ఎక్కుతుంది. మ సున్నా అయితే హ 10 దగ్గర నిలుస్తుంది, తయారీ బంద్.

ఇప్పుడు మ = 4తోనే కాగితం మీద గంట గంటకూ వేసి చూడండి: ఉన్న హకు తయారైనది కలిపి, తిన్నది తీసేయాలి. హ సున్నాతో మొదలైతే 10, మళ్లీ 0, మళ్లీ 10! టెన్షన్ పడకండి. గుంత అలా ఎగరదు, మనం వేసిన అడుగు పెద్దదైంది. పావుగంట చొప్పున, అంటే ప్రతిసారీ తయారీకి, తినేదానికి ఉన్న తేడాలో నాలుగో వంతు మాత్రమే కలపండి: 0, 2.5, 3.75, 4.375... మెల్లగా 5 వైపు నడుస్తుంది.

అన్నం సంగతికి వస్తే, దాన్ని ఆమ్లంగా మార్చే బాక్టీరియా త్వరగా పెరుగుతుంది, మీథేన్ జీవులు నిదానంగా పెరుగుతాయి. ఆమ్లం మిగిలిపోయింది, ఆ పులుపుకు అవి ఇంకా నీరసపడ్డాయి. మన లెక్కలో మ ఇంకా కదలడం లేదు. దాన్ని పెరగనివ్వడం 4వ పాఠంలో చేద్దాం.

అప్పటిలోగా మ = 16 పెట్టి, హ సున్నాతో మొదలుపెట్టి, పావుగంట అడుగులతో నాలుగు వరుసలు వేయండి. హ 2ను దాటి పైకి పోయి, వెనక్కి తిరిగి, 2కు అటూ ఇటూ ఊగుతూ దానికి దగ్గరవుతుంది. ఎందుకో పక్కన రాసిపెట్టుకోండి.