పొయ్యి వెలిగించకుండా పాట్‌లక్‌కి పైనాపిల్ పిస్తా ఫ్లఫ్ ఎలా చేయాలి?

అమెరికాలో మనవాళ్ళు పాట్‌లక్ (తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే విందు) అనుకోగానే వాట్సాప్ గ్రూపులో పులిహోర, బిర్యానీ, గుత్తివంకాయ పేర్లు ముందే అయిపోతాయి. స్వీటు దగ్గరికొచ్చేసరికి గులాబ్ జామూన్, లేదంటే షాపులో కొన్న కేకు. ఆ రెండూ కాకుండా చల్లగా, పుల్లపుల్లగా, పిల్లలూ పెద్దలూ ఇష్టంగా తినేది ఒకటి ఉంది. పండ్ల ముక్కల్ని నురగలాంటి క్రీములో కలిపి చేసే దాన్ని ఇక్కడి వాళ్ళు ఫ్లఫ్ అంటారు, ఫ్లఫ్ సలాడ్ అని కూడా అంటారు. అమెరికా మధ్య రాష్ట్రాలైన మిడ్‌వెస్ట్‌లోనూ, ఇక్కడి దక్షిణాది రాష్ట్రాల్లోనూ చర్చి విందుల్లో, థాంక్స్‌గివింగ్‌కీ ఈస్టర్‌కీ పెట్టే భోజనాల్లో తరచుగా కనిపిస్తుంది. తియ్యగా ఉన్నా భోజనం అయ్యాక వడ్డించరు. మిగతా వంటకాల పక్కనే పెట్టేస్తారు, కావలసినవాళ్ళు పళ్ళెంలో ఓ పక్కన వేసుకుంటారు.

దీనికి ఓవెన్ అక్కర్లేదు, స్టవ్ అక్కర్లేదు. చేతిపని పదిహేను నిమిషాలు, మిగతాదంతా ఫ్రిజ్ చూసుకుంటుంది. కానీ తేలిక కదా అని ఏ పండు దొరికితే అది వేసి కలిపేస్తే మర్నాటికి నీళ్ళు తేలిపోతుంది, ఒక్కోసారి చేదెక్కుతుంది కూడా. అలా ఎందుకవుతుందో తెలిస్తే ఏ పండుతోనైనా ధైర్యంగా చేసుకోవచ్చు. అందుకే కొలతలతో పాటు కారణాలు కూడా రాస్తున్నాను.

ఈ కుటుంబంలో పాతది అంబ్రోసియా. 19వ శతాబ్దం నుంచీ దక్షిణాది రాష్ట్రాల్లో చేస్తున్నారు. మొదట్లో అందులో ఉండేవి నారింజ తొనలు, పచ్చికొబ్బరి కోరు, పంచదార, అంతే. మార్ష్‌మాలోలూ (స్పాంజిలా మెత్తగా ఉండే తీపి బిళ్ళలు) క్రీములూ తర్వాత వచ్చి చేరాయి. 1966లో జనరల్ ఫుడ్స్ కంపెనీ కూల్ విప్‌ను, అంటే ముందే గిలకొట్టి ఫ్రీజర్‌లో ఉంచి అమ్మే క్రీములాంటి దాన్ని, మార్కెట్లోకి తెచ్చింది. అందులో పనిచేసే విలియం మిచెల్ అనే శాస్త్రవేత్త దాన్ని తయారుచేశారు. క్రీమును గిలకొట్టే పని లేకుండా డబ్బా మూత తీసి కలిపేయడమే కావడంతో ఫ్లఫ్‌లు ఇంటింటి వంట అయ్యాయి. 1970ల్లో పిస్తా రుచి ఇన్‌స్టంట్ పుడ్డింగ్ పొడి వచ్చింది. దానితో చేసే ఆకుపచ్చ రకానికి, అప్పట్లో అందరి నోళ్ళలో నానుతున్న వాటర్‌గేట్ (అధ్యక్షుడు నిక్సన్ రాజీనామాకు దారితీసిన కుంభకోణం) పేరే స్థిరపడింది. ఇప్పుడు మనం చేయబోయేది అదే. మొదటిసారి చేసేవాళ్ళకి ఇంతకంటే నమ్మకమైన రకం లేదు. పైనాపిల్ రసాన్ని వడకట్టకుండా వేస్తాం కాబట్టి కొలత తప్పే అవకాశం తక్కువ.

కావలసినవి (ఎనిమిది నుంచి పది మందికి)

పిస్తా ఇన్‌స్టంట్ పుడ్డింగ్ పొడి: 3.4 ఔన్సుల (96 గ్రాముల) పెట్టె ఒకటి
క్రష్డ్ పైనాపిల్, రసంలో నిల్వ చేసింది: 20 ఔన్సుల (567 గ్రాముల) టిన్ను ఒకటి
కూల్ విప్: 8 ఔన్సుల (227 గ్రాముల) డబ్బా ఒకటి
చిన్న మార్ష్‌మాలోలు: ఒక కప్పు
పెకాన్ లేదా వాల్‌నట్ పలుకులు: అర కప్పు
ఉప్పు: చిటికెడు
నిమ్మతొక్క తురుము: అర చెంచా (ఇష్టమైతే)

చివరి రెండూ అసలు వంటకంలో లేవు, నేను చేర్చినవి. మన నాలుకకు ఈ వంటకం కాస్త తీపెక్కువ అనిపిస్తుంది. చిటికెడు ఉప్పూ కాస్త నిమ్మ వాసనా ఆ తీపిని అదుపులో పెడతాయి.

కొనేటప్పుడు ఏం చూడాలి

పుడ్డింగ్ పెట్టె మీద ‘ఇన్‌స్టంట్’ అని ఉండాలి. అదే కంపెనీది, చూడటానికి అలాగే ఉండే ఇంకో రకం పక్కనే ఉంటుంది, దాన్ని పొయ్యి మీద ఉడికించాలి. ఇన్‌స్టంట్ పొడిలోని పిండి చల్లటి రసం తగిలినా చిక్కబడేలా తయారుచేసింది. రెండో రకం తెస్తే మీ ఫ్లఫ్ ఎంతసేపటికీ గట్టిపడదు, నోటికి పచ్చిపిండి తగులుతుంది.

ఇక మార్ష్‌మాలోలు. ఈ సంగతి మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మామూలు మార్ష్‌మాలోల్లో జెలటిన్ ఉంటుంది. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది, అమెరికాలో ఎక్కువగా పందిది. ఇండియాలోలాగా ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఇక్కడ ఉండదు, వెనక వైపు చిన్న అక్షరాల్లో రాసిన జాబితా చదువుకోవలసిందే. కార్తీక వనభోజనాలకో, శాకాహారులూ ముస్లిం స్నేహితులూ వచ్చే విందుకో తీసుకెళ్తుంటే జెలటిన్ లేని మార్ష్‌మాలోలు కొనండి. డాండీస్ లాంటి వీగన్ రకాలు చాలా షాపుల్లో దొరుకుతున్నాయి. దొరక్కపోతే మార్ష్‌మాలో మానేసి, ఆ కప్పుకు బదులు సగం సగంగా కోసిన ద్రాక్ష వేయండి. రుచి ఏమీ తగ్గదు. ఇతరుల నియమం మన గిన్నె వల్ల తప్పకూడదు. కూల్ విప్‌లో పాల పదార్థం ఉంటుంది కాబట్టి పాలు మానేసిన వాళ్ళకి కొబ్బరి పాలతో చేసిన విప్ డబ్బాలు వేరే ఉన్నాయి.

నట్స్ పడని పిల్లలు వస్తారేమో ముందే అడగండి. పైన వేసే పలుకులు మానేసినంత మాత్రాన సరిపోదు, పిస్తా పుడ్డింగ్ పొడిలోనే నట్స్ ఉండవచ్చు. అలాంటి చోటికి వెనీలా పొడి వాడటం మంచిది.

చేసే పద్ధతి

ముందు రోజు పొద్దున్నే కూల్ విప్ డబ్బాను ఫ్రీజర్‌లోంచి తీసి కింద ఫ్రిజ్ అరలో పెట్టండి. మెత్తబడటానికి నాలుగు గంటలు పడుతుంది. తొందరపడి మైక్రోవేవ్‌లో పెట్టారో, నురగంతా కరిగి పాలలా అయిపోతుంది, మళ్ళీ లేవదు.

పెద్ద గిన్నె తీసుకోండి. అనుకున్నదానికంటే ఒక సైజు పెద్దదే తీసుకోండి, కలపడానికి చోటు ఉండాలి. పైనాపిల్ టిన్ను రసంతో సహా అందులో ఒంపేసి, పుడ్డింగ్ పొడిని ఒకేచోట కుప్పగా పోయకుండా పైన జల్లండి. ఉప్పు, నిమ్మతురుము వేసి విస్క్‌తో కలపండి. మొదటి అర నిమిషం గరుకుగా, పల్చగా ఉంటుంది. రెండో నిమిషానికి విస్క్ బరువెక్కుతుంది, రంగు లేత పిస్తా ఆకుపచ్చకు తిరుగుతుంది, పైనాపిల్ పీచులు ఆ చిక్కదనంలో ఎక్కడివక్కడ నిలబడిపోతాయి. విస్క్ ఎత్తితే ధారగా కారకుండా ముద్దగా జారాలి. అక్కడ ఆపి ఐదు నిమిషాలు వదిలేయండి.

ఇప్పుడు మార్ష్‌మాలోలు, పలుకులు వేసి గరిటెతో కలపండి. పలుకుల్ని ఖాళీ పెనం మీద కొంచెం వేయించుకుంటే మరీ బాగుంటాయి. పొయ్యి వెలిగించడం ఇష్టం లేకపోతే అలాగే వేసేయవచ్చు.

చివరికి కూల్ విప్. దీన్ని గిలకొట్టకూడదు. మొదట మూడో వంతు వేసి మామూలుగా కలిపేయండి, మిశ్రమం కాస్త వదులవుతుంది. మిగతాది వేశాక రబ్బరు గరిటెను నిలువుగా మధ్యలోకి దించి, అడుగు నుంచి పైకి తెచ్చి మడతపెట్టినట్టు వేస్తూ గిన్నెను కొంచెం కొంచెం తిప్పుతుండండి. కేకులు చేసేవాళ్ళు కట్ అండ్ ఫోల్డ్ అనేది ఇదే. తెల్ల చారలు కనిపించకుండా పోగానే ఆపేయండి. ఆ తర్వాత తిప్పే ప్రతి తిప్పుకీ లోపలి గాలి పోతుంది. ఆ గాలి పోతే ఇది ఫ్లఫ్ కాదు, పుడ్డింగే.

మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. గంటకే తినొచ్చు. కానీ రాత్రంతా ఉంచితే వచ్చే రుచి వేరు. మార్ష్‌మాలోలు తడి పీల్చుకుని, అంచులు కరిగి, నోట్లో పెట్టగానే జారిపోయేంత మెత్తగా అవుతాయి. మర్నాడు అంచుల్లో రసం కొద్దిగా ఊరితే కంగారు పడకండి. గరిటెతో రెండుసార్లు మెల్లగా తిప్పితే కలిసిపోతుంది.

టిన్ను పైనాపిలే ఎందుకు?

తాజా పండు ఉండగా డబ్బా పండు ఎందుకని చాలామంది అడుగుతారు. మటన్ మెత్తబడటానికి మనం పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం కదా, బొప్పాయిలో మాంసకృత్తుల్ని విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. ఉడికించని తాజా పైనాపిల్‌లోనూ అలాంటిదే ఉంది, పేరు బ్రోమెలైన్. అది క్రీములోని పాల మాంసకృత్తుల మీద పనిచేస్తే గంటల్లో చేదు మొదలవుతుంది. జెలటిన్ ఉంటే దాన్నీ కరిగించేస్తుంది. టిన్నులో నింపే పైనాపిల్‌ను వేడి చేస్తారు, ఆ వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. అందుకే ఈ వంటకాలన్నీ టిన్ను పైనాపిల్ మీదే నిలబడ్డాయి.

తాజాదే వాడాలనుకుంటే సన్నగా తరిగి, రెండు చెంచాల పంచదార వేసి, దాని రసంలోనే ఐదారు నిమిషాలు మరిగించి పూర్తిగా చల్లార్చి వాడండి. కివీ, బొప్పాయి ఉడికించకుండా అసలు కలపకండి, వాటిదీ ఇదే గుణం.

మిగతా పళ్ళ సంగతి

టిన్నుల్లో దొరికే మాండరిన్ నారింజ తొనలు దీనికి బాగా నప్పుతాయి. చిల్లుల గిన్నెలో పావుగంట వడకట్టి, పేపర్ టవల్ మీద ఆరబెట్టి, అన్నిటికన్నా చివర్లో కలపండి, లేకపోతే చితికిపోతాయి. ఎర్ర చెర్రీలు రంగు వదులుతాయి, తుడిచి పైన అలంకరణకు పెట్టుకోవాలి. దానిమ్మ గింజలూ అంతే. యాపిల్ ముక్కలకు పైనాపిల్ రసం పట్టి ఉంటుంది కాబట్టి తొందరగా నల్లబడవు. అరటిపండు, స్ట్రాబెర్రీ వడ్డించే ముందు మాత్రమే. ఒకటి నల్లబడుతుంది, రెండోది నీరు వదులుతుంది. చిన్నపిల్లలున్న చోట ద్రాక్షను నిలువుగా కోయండి, గుండ్రంగా ఉన్నది గొంతుకు అడ్డుపడుతుంది. మార్ష్‌మాలోలు తినేటప్పుడు కూడా వాళ్ళ పక్కన ఎవరైనా ఉండాలి.

మామిడితో చేస్తే

మన బల్ల మీద మొదట ఖాళీ అయ్యేది ఇదే. ఇండియన్ స్టోర్లో దొరికే తియ్యటి మామిడి గుజ్జు ఒకటింపావు కప్పు, చల్లటి పాలు పావు కప్పు, వెనీలా ఇన్‌స్టంట్ పుడ్డింగ్ ఒక పెట్టె కలిపి రెండు నిమిషాలు విస్క్ చేయండి. రసం వడకట్టేసిన టిన్ను పైనాపిల్ ముక్కలు ఒక కప్పు, మార్ష్‌మాలోలు, జీడిపప్పు పలుకులు వేసి, కూల్ విప్ పైన చెప్పినట్టే మడతపెట్టండి. చిటికెడు యాలకుల పొడి చాలు. మన చిత్తూరు జిల్లా తోతాపురి గుజ్జుకు పేరున్న చోటు. ఆ పండులో పులుపు ఉంటుంది కాబట్టి ఈ తీపికి బాగా సరితూగుతుంది. తోతాపురి టిన్ను దొరికితే అదే తీసుకోండి, కేసర్ అయితే నిమ్మరసం ఒక చెంచా చేర్చండి.

బల్ల మీద ఎంతసేపు ఉంచవచ్చు?

పాలు, క్రీము ఉన్న వంటకం ఇది. గది వేడిలో రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. వేసవిలో పార్కుల్లో పెట్టుకునే పిక్నిక్‌లలో, ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ (32 సెల్సియస్) దాటితే ఒక గంటే. పెద్ద పళ్ళెంలో ఐసు ముక్కలు పోసి దాని మీద గిన్నె పెడితే చల్లగా నిలుస్తుంది. నా సలహా ఏమిటంటే, మొత్తం ఒకేసారి బయట పెట్టకుండా రెండు గిన్నెల్లో సర్ది, రెండోది ఐసు పెట్టెలోనే ఉంచండి. మొదటిది అయ్యాక తీయొచ్చు. పాతికమందికి చేయాలంటే అన్నీ మూడింతలు చేసుకోండి, కానీ కూల్ విప్ కలిపే పని మాత్రం రెండు గిన్నెల్లో విడివిడిగా చేయండి. ఒకే గిన్నెలో కలిపితే అడుగుకు గరిటె అందదు, గాలి పోతుంది.

మిగిలితే ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది. ఫ్రీజర్‌లో పెట్టకండి, కరిగాక నీళ్ళూ ముద్దా విడిపోతాయి.

ఇండియాలో చేసేవాళ్ళకి

కూల్ విప్ బదులు కేకు సామాన్ల షాపుల్లో దొరికే నాన్ డెయిరీ విప్పింగ్ క్రీమ్ ఒక కప్పు తీసుకుని, గిన్నెనూ బీటర్ పుల్లల్నీ కూడా ఫ్రిజ్‌లో చల్లబరచి గిలకొట్టండి. దాదాపు మూడు కప్పులు వస్తుంది, అంతే కావాలి. చాలావరకు అందులోనే తీపి ఉంటుంది, పంచదార వేయకండి. ఇన్‌స్టంట్ పుడ్డింగ్ దొరకని చోట కస్టర్డ్ పొడి వాడొచ్చు, కాకపోతే ఐదు నిమిషాలు పొయ్యి దగ్గర నిలబడాలి. పైనాపిల్ టిన్నులోని పాకం ఒక కప్పులో రెండు పెద్ద చెంచాల కస్టర్డ్ పొడి ఉండలు లేకుండా కలిపి, చిక్కబడేదాకా సన్నసెగ మీద తిప్పండి. తొరక కట్టకుండా ప్లాస్టిక్ కాగితాన్ని దాని మీదే ఆనించి కప్పి, పూర్తిగా చల్లారాక సన్నగా తరిగిన పైనాపిల్ ముక్కలు, క్రీము కలపండి. గోరువెచ్చగా ఉండగా కలిపితే క్రీమంతా దిగిపోతుంది, కాబట్టి గిన్నె అడుగున చెయ్యి పెట్టి చూసి, చల్లగా తగిలాకే మొదలుపెట్టండి.