మాట్లాడక తప్పని పాఠం

మా ఏడో తరగతి పిల్లలు విరామంలో ఒకటే గోల. పాఠం మీద చర్చించండి అంటే మాత్రం నా ముఖం వైపే చూసేవారు. జట్లుగా కూర్చోబెట్టినా చురుకైన ఒకరు రాస్తే మిగతావారు దించుకునేవారు. అందరి పుస్తకంలోనూ అన్నీ ఉన్నప్పుడు పక్కవాడిని అడగవలసిన అవసరమేముంది?

ఆ అవసరం కల్పించే పద్ధతి జిగ్‌సా: పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇవ్వడం. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో, నల్ల, తెల్ల పిల్లలు ఒకే బడిలో చేరి ఉద్రిక్తతలు రేగినప్పుడు, ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టారు. నేను జీర్ణవ్యవస్థను ఐదు చీటీలు చేశాను: నోరు, జీర్ణాశయం, కాలేయం-క్లోమం, చిన్న పేగు, పెద్ద పేగు. జట్టుకు ఐదుగురు, మనిషికో చీటీ, పుస్తకాలు సంచుల్లోకి.

ముందుగా ఒకే చీటీ వచ్చినవారంతా ఒకచోట చేరి దాన్ని అర్థం చేసుకోవాలి. ఈ అంచె వదిలేయకండి. చదవడానికి తడబడే పిల్లలకు ధైర్యం ఇక్కడే వస్తుంది. తర్వాత సొంత జట్టుకు వెళ్లి, చీటీ చూడకుండా చెప్పాలి. చివరి పరీక్ష మాత్రం ఎవరికి వారే.

ఎప్పుడూ నోరు మెదపని అమ్మాయికి చిన్న పేగు వచ్చింది. "పైత్యరసం ఇక్కడికెలా వస్తుంది?" అని ఒకడు అడిగితే, కాలేయం చీటీ ఉన్నవాడి వైపు తిరిగి "అది నువ్వే చెప్పాలి" అన్నది.

నాకు కష్టమైనది దూరంగా నిలబడటమే. దగ్గరకు వెళితే ప్రశ్నలన్నీ మళ్లీ నా వైపే తిరుగుతాయి. గోల ఎక్కువైందని పక్క తరగతి సార్ అంటున్నారు. అందుకే జిగ్‌సా ఉన్న రోజు తలుపు వేసుకుంటున్నాను.