హై-రెజ్‌లో ఆల్బమ్ వింటే డేటా అయిపోతోందా?

జాన్ మేయర్ 2006లో తెచ్చిన ‘కంటిన్యుయమ్’ లాంటి బ్లూస్ వాసనున్న పాప్ ఆల్బమ్ హై-రెజ్‌లో, అంటే సీడీని మించిన నాణ్యతలో పెట్టామంటే, రోజుకి 1.5 జీబీ ప్యాక్ మధ్యాహ్నానికే గల్లంతు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ అనే హై-రెజ్ స్థాయిలో 50 నిమిషాల సంగీతం ఇంచుమించు 1 జీబీ లాగేస్తుంది.

పాటల యాప్ సెట్టింగ్స్‌లో ఆడియో క్వాలిటీకి వెళ్లండి. మొబైల్ డేటాకి 256 కేబీపీఎస్ (తక్కువ డేటా తినే క్వాలిటీ), డౌన్‌లోడ్స్‌కి మాత్రం హై-రెజ్ పెట్టి, రాత్రి ఇంటి వైఫైలో ఆల్బమ్ మొత్తం దించేసుకోండి. అంతకుముందే దించి ఉంటే అది పాత క్వాలిటీలోనే ఉండిపోతుంది, తీసేసి మళ్లీ దించాలి.

వినడం వైరు ఇయర్‌ఫోన్స్‌లోనే. ఈ ఆల్బమ్‌లో పీనో పల్లడీనో బేస్ గిటార్, దాని వెనకే స్టీవ్ జోర్డన్ డ్రమ్స్ దేనికది విడిగా వినపడుతుంటే ఆ హాయే వేరు. ఫోన్‌కి వైరు ఇయర్‌ఫోన్స్ తగిలించే డాంగిల్ కొనేటప్పుడు డబ్బా మీద 96 కిలోహెర్ట్జ్ ఉందో లేదో చూడండి, కొన్ని 48 దగ్గరే ఆగిపోతాయి.

బ్లూటూత్‌లో మాత్రం ఇదంతా దండగ. అది ఎలాగూ ఆడియోని కుదించే పంపుతుంది, ఫోన్‌లో జాగా వృథా. బస్సు రొదలో వినేవాళ్లకీ 256 చాలు.