బండి కడగడం నేర్చుకుందాం – 3వ పాఠం: దాక్కున్న నీళ్ళు

పోయిన పాఠంలో షాంపూ నురుగంతా నీళ్ళతో కొట్టేసి ఆపాం కదా, అక్కణ్ణించే మొదలెడదాం. చాలామంది ఇక్కడితో పనైపోయిందనుకుని ట్యాంక్ మీద ఓ గుడ్డ తిప్పేసి, బండిని ఎండలో పెట్టేసి లోపలికెళ్ళిపోతారు. ఎండ ఆరబెట్టేది పైన కనపడే నీళ్ళనే, వాటివల్ల పెద్దగా పోయేదేం లేదు, మహా అయితే తెల్ల మచ్చలు పడతాయి, నీరు ఆవిరైపోయి అందులో ఉన్న కాల్షియం పెయింట్ మీద ఉండిపోతుంది అంతే. అసలు పేచీ అంతా లోపల దాక్కున్న నీళ్ళతోనే.

నాకిది ఎలా తెలిసొచ్చిందంటే, ఒకసారి సాయంత్రం కడిగి పైపైన తుడిచి వదిలేశా. పొద్దున సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయితే అయింది గానీ, రేజ్ చేస్తే ఒకటే మిస్సింగ్, ఇంజన్ ఆగి ఆగి కొట్టుకుంటోంది. స్పార్క్ ప్లగ్ (ఇంజన్‌లో పెట్రోల్‌ని నిప్పురవ్వతో అంటించేది) క్యాప్ పీకి చూస్తే ప్లగ్ కూర్చునే గుంటలో నీళ్ళు నిలబడున్నాయి. చాలా ఇంజన్లకి ఆ గుంట అడుగున నీళ్ళు పోడానికి ఒక సన్న కన్నం ఉంటుంది, నాది మట్టితో పూడుకుపోయింది, సన్న తీగ పెట్టి పొడిస్తే ఎర్రటి బురద కారింది. అప్పుడు నా అదృష్టం ఏంటంటే ప్లగ్ విప్పలేదు, గుంటలో నీళ్ళుండగా విప్పితే అవి తిన్నగా సిలిండర్‌లోకే దిగుతాయి. ముందు గుంట ఖాళీ చెయ్యాలి, తర్వాతే ప్లగ్ జోలికెళ్ళాలి.

సరే, పనిలోకి. ముందు గుడ్డ ముట్టుకోకండి. బండి మీద కూర్చుని ముందు చక్రం బ్రేక్ పట్టుకుని హ్యాండిల్‌ని నాలుగైదు సార్లు గట్టిగా కిందకి నొక్కి వదలండి, హ్యాండిల్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పండి, తర్వాత సైడ్ స్టాండ్ మీద ఒక ఐదు నిమిషాలు, డబుల్ స్టాండ్ ఉంటే దాని మీద ఇంకో ఐదు నిమిషాలు వదిలెయ్యండి. ఇంత సేపు తుడిచాను ఇంకా ఎక్కణ్ణించి కారుతోందిరా అని తల పట్టుకునే నీళ్ళలో సగం ఇప్పుడే కారిపోతాయి.

ఇప్పుడు గుడ్డ. రెండు కావాలి, పెయింట్‌కి మెత్తటి మైక్రోఫైబర్ ఒకటి, చక్రాలకీ ఇంజన్‌కీ పాతది ఒకటి, ఈ రెండూ కలిసిపోతే చక్రం మీది ఇసుక ట్యాంక్ మీద గీతలు గీస్తుంది. పైనించి కిందకి రండి, రుద్దకుండా పరిచి అద్దండి.

చైన్‌ని పాత గుడ్డతో పట్టుకుని వెనక చక్రం చేత్తో తిప్పండి, ఇంజన్ ఆఫ్‌లో, న్యూట్రల్‌లో. టైమ్ కలిసొస్తుందని ఇంజన్ ఆన్ చేసి గేర్లో పెట్టి చైన్ తుడిచేవాళ్ళున్నారు, గుడ్డతో పాటు వేలు కూడా స్ప్రాకెట్‌లోకి, అంటే చైన్ తిరిగే పళ్ళ చక్రంలోకి పోతుంది, వద్దు.

గుడ్డ దూరని చోట్లకి గాలి కొట్టాలి: స్విచ్‌ల సందులు, తాళం కన్నం, బ్రేక్ లివర్ మూల, అలెన్ బోల్టుల తలల్లో గుంటలు, సీటు కింద వైర్ల కనెక్టర్లు. కనెక్టర్లో తడి ఉండిపోతే పిన్నులకి పచ్చగా చిలుము పడుతుంది, ఆ తర్వాత ఎప్పుడో హారన్ మోగదు, ఎందుకో అర్థం కాదు. బ్లోయర్ లేకపోతే హెయిర్ డ్రయర్ చల్లగాలి మీద పెట్టి కొట్టండి. కంప్రెసర్ అయితే మాత్రం చక్రం బేరింగుల మీదకి, చైన్ ఓ-రింగుల (లింకుల మధ్య ఉండే చిన్న రబ్బరు రింగులు) మీదకి దగ్గర్నించి కొట్టొద్దు, సీలు దాటించి నీళ్ళని మీరే లోపలికి నెట్టినట్టవుతుంది.

ఆఖర్న వేడి. ఆరుబయట ఇంజన్ ఐదు నిమిషాలు ఐడిల్‌లో వదలండి, మూసిన షెడ్డులో అస్సలొద్దు, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. సైలెన్సర్‌లోంచి తెల్లటి ఆవిరి వస్తే కంగారు పడకండి, లోపలి తడే అది. తర్వాత రోడ్డు ఖాళీగా ఉన్నచోట రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా తోలుతూ బ్రేకులు తేలిగ్గా పట్టి వదులుతూ ఉండండి, మొదటిసారి పట్టినప్పుడు సరిగా ఆగదు జాగ్రత్త, డ్రమ్ బ్రేకైతే ఇంకాస్త టైమ్ తీసుకుంటుంది. డిస్క్ మీద ఎర్రగా పట్టిన పల్చటి తుప్పు ఈ నాలుగు బ్రేకులకే పోతుంది. దాని మీద ఆయిల్ స్ప్రే కొట్టేరు సుమా, ఇక బ్రేకులుండవు.

తిరిగొచ్చాక ఇంజన్ చల్లారేదాకా కవర్ కప్పొద్దు.

ఇప్పుడు హోంవర్క్. బండి కింద పాత న్యూస్‌పేపర్ పరిచి అరగంట వదిలెయ్యండి, తర్వాత పేపర్ మీద తడి మచ్చ ఎక్కడుందో చూసి దానికి సరిగ్గా పైన ఏ పార్టుందో రాసుకోండి. నా బండికి ప్రతిసారీ వెనక మడ్‌గార్డ్ మడత కిందే పడుతుంది. చైన్‌కి లూబ్ వచ్చే పాఠంలో, కానీ అప్పటిదాకా పొడి చైన్‌తో ఉంచకండి, ఇవాళ్టికి గుడ్డకి కాస్త గేర్ ఆయిల్ అద్ది చైన్ మీద తిప్పేసి పడుకోండి.